పేతురు దొర బల్ల

విజయపురి, నాగార్జునసాగర్
11 ఆగస్టు 1959

మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని రాజ్యమేలుతున్న దశరథ బావకు, నీ ఒక్కగానొక్క బామ్మర్ది సిద్దిరాములు రెండు చేతులూ ఎత్తి మొక్కుతున్నాడు. నేను బతికే ఉన్నాను. నువ్వు బతికున్నావో లేదో జవాబులో రాయి.

సిమెంటు గోదాం దగ్గర కావలి పని దొరికింది. కూర్చుని సిమెంటు పీల్చడమే పని. పోయిన వారం కట్ట మీద రాయి లేపుతుంటే గొలుసు తెగి ఇద్దరు పాలమూరు కూలీలు కిందపడి చచ్చిపోయారు. పొద్దున హాజరు పిలిచిన మనిషే మధ్యాహ్నం కూర్చొని వాళ్ల పేర్లు కొట్టేశాడు. సాయంత్రానికి ఆ రాయి దాని జాగాలో అది కూర్చుంది. ఇక్కడి అన్నం సంగతి అడగకు. అందులో రాళ్లన్నీ ఏరితే డ్యాం ఇంకో వరస పైకి లేస్తుంది. ఇంటిది యాదమ్మ పోయినప్పటినుంచి నేను పొయ్యి మొహం చూడలేదు కనుక, ఏది పెడితే అది మింగుతున్నాను.

అసలు సంగతికి వస్తాను. మొన్న ఆదివారం వర్క్‌షాపుల వెనక, పాత డ్రమ్ములు పారేసే జాగా దాటి ఊరికే నడుస్తున్నాను. అక్కడొక రేకుల ఇల్లు. ముందర రెండు గుంజలకు తాడు కట్టి, తాడు నిండా నూలు ఆరేసి ఉంది. పోగుకు పోగు అంటకుండా, గంజి పట్టి నిటారుగా వేలాడుతున్నది. ఈ రాళ్లలో మనవాడెవడో మగ్గం పెట్టాడనుకున్నాను. పోయి అలవాటు కొద్దీ ఒక పోగు పట్టి గుంజాను. పుటుక్కున విరిగింది.

"ఎవలమ్మా గీ నూలు ఆరేసింది? గంజి మస్తు ఎక్కువైంది. పడుగంత తెగిపోతది" అన్నాను, పెద్ద సాలె మేస్త్రీలాగా.

లోపలినుంచి ఒకామె వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. "నూలు గాదన్నా, గోధుమపిండి. మా ఆయన కోసి ఆరేసిండు. ముట్టకు, ఇరుగుతది. ఆకలైతే లోపలికి రా."

ఆమె పేరు బాలనర్సమ్మ. హాలియా దిక్కు మనిషి. వాళ్ల నాయిన పటేలు దగ్గర జీతమున్నాడు, ఈమె మిషను బడిలో చదివింది, కిరస్తానీ. మొగుడు తెల్లదొర. నమ్ము బావా, ఎర్రటి మొహం, తెల్ల వెంట్రుకలు, ఎడమ మోకాలు వంగదు. ఇటలీ దేశం వాడట. లడాయిలో ఇంగ్రీజు వాళ్లకు చిక్కి కైదీగా ఈ దేశం వచ్చాడట. లడాయి అయిపోయాక అందరూ పోతే వీడు పోలేదు. వాళ్ల ఇల్లున్న వీధి మొత్తం బాంబులకు పోయిందట, ఎవరికోసం పోవాలి? డ్యాం మీద రాతిపని చేశాడు, రాయి జారి మోకాలు విరిగాక ఇంటిదగ్గరే పూటకింత తీసుకొని అన్నం పెడుతున్నాడు. వాడిని అందరూ పేతురు దొర అంటారు.

ఒక్కటే బల్ల. స్లాబుకు వాడిన పాత పలక, సిమెంటు మరకలు ఇంకా ఉన్నాయి. వచ్చినవాళ్లంతా దానికి ఇరువైపులా కూర్చోవాలి. ఏం కావాలని ఎవరూ అడగరు. ఆ పూట ఇంట్లో ఏది వండితే అదే. తాడు మీది పోగులను ఉడకబెట్టి, టమాటలు, ఎల్లిగడ్డ మరిగించిన పులుసు పోసి, మేకపాలు విరగ్గొట్టి గట్టిపరచిన ముద్దను పైన గీరి వేశారు. దొరకు తెలుగు నేర్పింది బాలనర్సమ్మ, అది కూడా పిల్లలతో మాట్లాడే తెలుగు. కంచం నా ముందు పెట్టి "తిను బిడ్డా" అన్నాడు. నాకు నలభై ఆరేండ్లు, వాడూ నా ఈడువాడే. ఒక కొస నోట్లో, ఇంకో కొస కంచంలో. మెడను మగ్గం నాడెలాగా అటూ ఇటూ ఆడిస్తే తప్ప లోపలికి పోదు. కానీ బావా, కంచం నాకేశాను. ఎవరో ఇంటిమనిషి పెట్టినట్టు ఉంది.

రాజం అక్క కడుపునొప్పి తగ్గిందా? రాయి.

నీ దోతి కొసను మగ్గానికి ముడేసిన చేతులతోనే రాసి,
సిద్దిరాములు

* * *

రామన్నపేట
27 ఆగస్టు 1959

సిద్దిరాములుకు బావ దశరథ రాస్తున్న జాబు. కండ్లు మసకలు, అక్షరాలు వంకర పోతే సర్దుకో.

పిండితో నూలు చేసి తాడు మీద ఆరేసే దొర. బాగుంది. కలెక్టరు తన మగ్గం చూడటానికి వస్తున్నాడని నువ్వు చెబితే నమ్మి, గోపయ్య ఇంటికి సున్నం వేయించి పూలదండ పట్టుకొని పొద్దంతా వాకిట్లో నిలబడ్డాడు. కులపెద్ద అన్న భయం కూడా లేదు నీకు. నేను మీ అక్కను చేసుకున్ననాటినుంచి నీ మాటల్లో నిజం వెతకడం మానేశాను.

మీ అక్క సంగతి బాగాలేదు. జొన్నగట్క ముద్ద దిగదు. దిగినా నిలవదు. నల్లగొండ దవాఖానకు తోలుకపోయాను. కడుపులో పుండు అన్నాడు డాక్టరు, సీసాలో తెల్లమందు పోసిచ్చాడు, మెత్తటివి పెట్టమన్నాడు. మెత్తటిది పెట్టినా అదే వరస. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. పిల్లాజెల్లా లేని ఇల్లు, ఆమె పడుకుంటే నూలు కండెలు చుట్టేవాళ్లు కూడా లేరు. నూలు దొరికిన నాడు మగ్గం ఆడుతుంది, లేని నాడు నేను దాన్ని చూస్తాను, అది నన్ను చూస్తుంది.

నీ జాబు చదివి వినిపిస్తే మాత్రం నవ్వింది. "గంజి ఎక్కువైంది అన్నడా? అనే ఉంటడు, నా తమ్ముడు" అన్నది. చాన్నాళ్లకు నవ్వింది కనుక నిన్ను తిట్టడంలేదు.

ఒక మాట. కిరస్తానీ ఇంట్లో తిన్నానని జాబుల్లో రాయకు. అబద్ధమైనా సరే. ఇక్కడ గోడలకు చెవులున్నాయి, అన్నీ గోపయ్యవే.

దశరథ

* * *

విజయపురి
14 సెప్టెంబరు 1959

నమ్మకం లేని బావకు నమ్మదగని బామ్మర్ది దండాలు.

నూరు అబద్ధాలు ఆడినవాడికి ఒక్క నిజం ఆడే హక్కు లేదా? యాదమ్మ మీద ఒట్టు, దొర ఉన్నాడు, బల్ల ఉంది, తాడు ఉంది. ఇప్పుడు నేను రోజూ అక్కడే తింటున్నాను. ఇంత మంది జనంలో ఆ ఇల్లు ఎవరికీ కనబడదు. బోర్డు లేదు. తెలిసినవాళ్లు కూడా రారు. గొడ్డు మాంసం వండుతాడని కొందరు, బల్లులు వండుతాడని కొందరు. ఆ బల్లుల మాట పుట్టించింది నేనే, బల్ల దగ్గర జాగా ఇరుకు కాకూడదని. బాలనర్సమ్మకు తెలిసిపోయింది. "నీ నోటికి మన్నుపడ, మా పొయ్యి మీద నీళ్లు పోస్తివి గదన్నా" అని నాచేత వారం రోజులు బల్ల కడిగించింది. నేను నవ్వుతూ కడిగాను. ఆమె నవ్వలేదు. నిజంగానే ఇద్దరు తమిళ మేస్త్రీలు, నేను తప్ప ఎవరూ రావడంలేదు. మాంసం ఎక్కడిది బావా? వంకాయ, గుడ్డు, టమాట. కోడి అయితే అబ్బురం.

ఇది విను. పోయిన వారం తమిళ మేస్త్రీల్లో ఒకడికి జ్వరం పట్టి ఏదీ కడుపులో నిలవలేదు. దొర పిండిని గోధుమ గింజలంత ముక్కలు చేసి, కోడి ఎముకలు మరిగించి వడగట్టిన నీళ్లలో ఉడికించి, గరిటెతో పోశాడు. వాళ్ల అమ్మ వాడికి జ్వరాల్లో పెట్టేదట. అది నిలిచింది. మూడు పూటలకు లేచి కూర్చున్నాడు. అప్పటినుంచి నాకు అక్క గాజులే కనబడుతున్నాయి.

ఆమెను తోలుకొని రా. నా గదిలో పడుకుంటుంది. వంట నేను చేస్తానన్న భయం వద్దు. దొరకు చెప్పాను. వాడు చేతులు చూపి ఎంత సన్నగా ఉందని అడిగాడు. చూపించాను. "తే" అన్నాడు. అంతే.

ఈ జాబును గోపయ్య వాకిట్లో చదవకు.

సిద్దిరాములు

* * *

రామన్నపేట
5 అక్టోబరు 1959

సిద్దిరాములుకు,

నీ జాబు అందింది. బడిపంతులును అడిగాను. ఇటలీ సముద్రాల అవతల ఉన్నదట. అక్కడివాడు సాగర్‌లో డ్రమ్ముల వెనక కూర్చొని కూలీలకు పిండి ఉడకబెడతాడా అంటే, పంతులు కండ్లద్దాలు తీసి నవ్వాడు. నువ్వు ఎవరిమీద ఆడుకున్నా ఓర్చుకున్నాను. జబ్బుమనిషి మీద ఆడకు.

పోనీ నిజమే అనుకో. కిరస్తానీ చేతి కూడు, తెల్లవాడి కుండ. గోపయ్యకు నీ మొదటి జాబు సంగతి అప్పుడే చేరింది. "మీ బామ్మర్ది కులం ఏట్లో కలిపిండంట గద దశరథా" అన్నాడు పదిమందిలో. వాడి వేళాకోళం అదంతా అని తప్పించుకున్నాను. రేపు మీ అక్కకేమన్నా అయితే పాడె మోసే నాలుగు భుజాలు ఈ కులంలోవే.

ఆమె ఇప్పుడు గంజినీళ్ల మీద ఉంది. కూర్చోబెడితే కూర్చుంటుంది. నిన్న నన్ను పిలిచి "గా దొర నిజంగ ఉన్నడో లేడో పోయి చూసి రారాదు" అన్నది. నేను పోయి మగ్గం గుంతలో కూర్చున్నాను.

దశరథ

* * *

రామన్నపేట
9 నవంబరు 1959

సిద్దిరాములూ,

చచ్చినవాడికి జాబు రాస్తున్నాను.

"సిద్దిరాములు చావుబతుకుల్లో ఉన్నాడు, రాజంను తీసుకొని వెంటనే రా." పోస్టుమాస్టరు తార్ చదివి చెప్పేసరికి వాడలో ఆడవాళ్లు ఏడుపు మొదలుపెట్టారు. మన వాడకు టెలిగ్రాం అంటే చావే కదా. నేనేం చేశానో నువ్వు మూట విప్పి చూశావు. మగ్గం మీద సగం నేసిన దోతిని కోశాను. నడుమ పడుగుకు కత్తి పెట్టాను. మా నాయిన ఉంటే ఆ పని చేసినవాడి చేతి నీళ్లు ముట్టేవాడు కాదు. బామ్మర్ది మీద వేరేవాడు నేసిన బట్ట ఎందుకు కప్పాలి, నా చేతిదే కప్పుతాను అనుకున్నాను. నల్లగొండ నుంచి హాలియా దాకా మీ అక్క తల నా ఒళ్లో, ఆ దోతి ఆమె తల కింద. ఆమె ఏడవలేదు, ఏడ్చే బలం లేదు. నేనే ఏడ్చాను. బస్సులో ముక్కూమొహం తెలియని మనిషి నాకు నీళ్లిచ్చాడు.

వచ్చి చూస్తే చచ్చినవాడు బల్ల దగ్గర కూర్చొని, మూతికి పులుసు పూసుకొని, "బావ వచ్చిండు, బావకు కంచం పెట్టున్రి" అని నవ్వుతున్నాడు. నీ దవడ ఇంకా వాచే ఉందని ఆశిస్తున్నాను.

ఇక రెండో సంగతి. ఇది కూడా రాయకపోతే నేను నీలాంటివాణ్ణవుతాను. ఆ దొర ఉన్నాడు. ఆయన నన్ను చూడలేదు, నిన్ను చూడలేదు. మీ అక్కను చూసి లోపలికి పోయాడు. చిన్న గిన్నెలో తెచ్చి ఆమె ముందర కూర్చున్నాడు. ఆమె తిన్నది. నేను కిటికీ అవతల నిలబడి, ఇప్పుడు కక్కుతుంది, ఇప్పుడు కక్కుతుంది అని చూస్తూ ఉన్నాను. పొద్దు గుంకింది. కక్కలేదు. బాలనర్సమ్మ వచ్చి "లోపలికి రా అన్నా, నువ్వు గుడ తిను" అన్నది. నేను మూటలోని పేలాలు తిన్నాను. ఆ బల్ల దగ్గర నేను కూర్చోలేను. నాకు చేతకాదు.

అందుకే ఆమెను అక్కడ విడిచి వచ్చాను. నిన్ను క్షమించి కాదు. తమ్ముడింట్లో ఉందని ఇక్కడ చెబుతున్నాను, అది అబద్ధం కాదు.

ఒక్కటి గుర్తుపెట్టుకో. నీ తార్ వచ్చిందని మళ్లీ ఈ గడప దాటను. నువ్వు నిజంగా చచ్చినా దాటను.

దశరథ

* * *

విజయపురి
2 డిసెంబరు 1959

చెయ్యి బరువైన బావకు దవడ వంకరైన బామ్మర్ది రాస్తున్నాడు.

వాపు తగ్గింది. ఒక పన్ను మాత్రం ఊగుతున్నది. నీ గురుతుగా ఉంచుకున్నాను. నువ్వు ఎంత తిట్టినా పడతాను కానీ ఒకటి అడుగుతాను. నిజం రాస్తే వచ్చావా? రెండుసార్లు రాశాను. అబద్ధం రాశాను, వచ్చావు. తప్పు నాది ఒక్కడిదేనా?

అక్క సంగతి విను. పొద్దున గిన్నె, సాయంత్రం గిన్నె. ఇప్పుడు లేచి బల్ల దాకా నడుస్తున్నది. దొర పిండి పరిచి కత్తితో కోస్తుంటే చూసి చూసి, నిన్న కత్తి గుంజుకున్నది. "ఏందయ్యా గిది? గీ పోగు దొడ్డు, గా పోగు సన్నం. గిట్ల నేస్తే సంతల కుక్క గుడ కొనది" అన్నది. దొరకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వాడు తన భాషలో ఏదో అన్నాడు, అది ఈమెకు అర్థం కాలేదు. ఇద్దరూ చాలాసేపు పోట్లాడుకున్నారు. తాడు మీద ఇప్పుడు పోగులన్నీ అక్క కోసినవే.

ఇంకో తమాషా. మోత్కూరు దిక్కు మన సాలెవాళ్లు కొందరు కూలికి వచ్చారు. తాడు చూసి నాలాగే మోసపోయి లోపలికి వచ్చారు. పద్మశాలి ఆడమనిషే కూర్చొని తింటున్నది, మనకేంది అని కూర్చున్నారు. ఇప్పుడు ఆదివారాల్లో బల్ల చాలడంలేదు. నేను పుట్టించిన బల్లులను మా అక్క చంపింది. బాలనర్సమ్మ ఆమెను ఒదినె అంటున్నది.

నువ్వు చూస్తే గుర్తుపట్టవు. గోపయ్య బర్రెలాగా తయారైంది. ఫికర్ పెట్టుకోకుండా మగ్గం చూసుకో.

సిద్దిరాములు

* * *

రామన్నపేట
24 జనవరి 1960

సిద్దిరాములుకు దశరథ దీవెనలు.

నీ జాబు మగ్గం గుంజకు గుచ్చి పెట్టుకున్నాను. నాడె విసిరినప్పుడల్లా కనబడుతుంది. సొసైటీవాళ్లు నూలు ఇచ్చారు, చీరల పని. కాముని పున్నమ దాటేసరికి దించి ఇవ్వాలి. అది కాగానే వచ్చి రాజంను తోలుకొస్తాను.

గోపయ్య కులాన్ని కూర్చోబెట్టాడు. మోత్కూరువాళ్లు పండక్కి వచ్చి అంతా చెప్పారట. "నీ ఆలి కిరస్తానోళ్ల కుండల తింటున్నదా లేదా?" అని నిలబెట్టి అడిగాడు. నాకు ఎక్కడి ధైర్యం వచ్చిందో తెలియదు. "తింటున్నది. ఈడ ఉన్నప్పుడు తినలే, ఆడ తింటున్నది. ఇంకేమన్న అడుగుడున్నదా?" అన్నాను. వెలి అన్నాడు. అప్పటినుంచి మాతో ఎవరికీ నిప్పూ నీళ్లూ లేవు. పక్కింటి కిష్టయ్య ఒక్కడు మాత్రం చీకటి పడ్డాక వచ్చి పడుగు పోగులు అచ్చుకు అతికి పోతున్నాడు.

దొరకు నా మాటగా చెప్పు. నా పెండ్లాన్ని మరీ లావు చేయవద్దని. వచ్చేటప్పుడు బస్సు తలుపులో పట్టాలి కదా.

దశరథ

* * *

విజయపురి
9 ఫిబ్రవరి 1960

బావకు,

ఈ జాబులో వేళాకోళం లేదు. ఎక్కడైనా ఉన్నట్టు తోస్తే అది నా చేతి అలవాటు, నా మనసు కాదు.

డిసెంబరులో రాసింది సగమే నిజం. ఆమె తిన్నది, నడిచింది, దొరతో పోట్లాడింది, ఇవి నిజం. లావైందన్నది అబద్ధం. ఒంటికి పట్టలేదు. సంక్రాంతి వెళ్లినప్పటినుంచి తిన్నది మళ్లీ బయటికి వస్తున్నది, నల్లగా వస్తున్నది. ఇక్కడి దవాఖానలో డాక్టరు పొట్ట నొక్కి చూసి, పుండు కాదు గడ్డ అన్నాడు. హైదరాబాదు తీసుకుపోయినా దారి బడలికే మిగులుతుంది అన్నాడు.

ముందే ఎందుకు రాయలేదంటావు. అక్క రాయనివ్వలేదు. "మీ బావ మల్ల పడుగు కోసుకొని ఉరుకొస్తడు. ఒక్కపారి కోయిపిస్తివి, సాలు. లావైన అని రాయి" అన్నది. నేను రాశాను. నాకు అలవాటైన పనే కదా.

దొర ఇంకా గిన్నె తెస్తూనే ఉన్నాడు. ఆమె వాడి మొహం చూసి రెండు గుక్కలు తాగి, వాడు వెనక్కు తిరిగాక కక్కుతున్నది. వాడికి తెలుసు. తెలిసి వెనక్కు తిరుగుతున్నాడు.

ఇప్పుడు ఆమే అడుగుతున్నది. "పని ఒడిసిందేమో, వస్తడేమో" అంటున్నది. రా బావా.

సిద్దిరాములు

* * *

రామన్నపేట
20 ఫిబ్రవరి 1960

సిద్దిరాములుకు,

నీ జాబు అందింది. నిన్న తార్ కూడా అందింది. పోస్టుమాస్టరు నవ్వుకుంటూనే ఇచ్చాడు.

అబద్ధమెందుకు, చదవగానే లేచాను. కత్తి చేతిలోకి తీసుకున్నాను. పడుగును చూసి మళ్లీ కూర్చున్నాను. డిసెంబరులో బర్రెలా ఉన్న మనిషి ఫిబ్రవరిలో చావుబతుకుల్లో ఎట్లా పడుతుంది? వేళాకోళం లేదని మొదటి వరసలోనే రాశావు. లేనివాడు ఆ మాట ఎందుకు రాస్తాడు? గుంజకు గుచ్చిన జాబు తీసి పక్కపక్కన పెట్టి చదివాను. రెండూ నీ రాతే. ఏది నమ్మమంటావు?

నాకు తోచింది చెబుతాను. మీ అక్కకు ఇల్లు యాదికొచ్చింది, నన్ను రప్పించమన్నది, నీకు తెలిసిన దారి ఒక్కటే. నిప్పూ నీళ్లూ లేనివాడికి నూలిచ్చారు. ఈ పని సగంలో కోస్తే ఇంకెవరూ ఇవ్వరు, ఆమె తిరిగొచ్చి ఏం తింటుంది? ఆమెకు చెప్పు, చివరి చీర కొంగు దాకా వచ్చింది. నాలుగు పొద్దులు ఓపిక పట్టమను.

దశరథ

* * *

విజయపురి
25 ఫిబ్రవరి 1960

బావకు,

అక్క పోయింది.

తార్ ఇచ్చిననాడు ఆమెకు తెలివి ఉంది. బస్సు వచ్చే వేళకల్లా పోయి నిలబడ్డాను. దిగినవాళ్ల మొహాలు చూసి తిరిగి వచ్చి, బస్సు ఇంకా రాలేదని ఆమెకు చెప్పాను. మర్నాడు పొద్దున పోయింది. ఎండకు ఆగదన్నారు. అయినా సాయంత్రం బస్సు దాకా ఆపాను. నీ కార్డు మూడు పొద్దులకు వచ్చింది. చదివి నవ్వాను బావా. నవ్వు ఆగలేదు. బాలనర్సమ్మ భయపడి నా మొహాన నీళ్లు కొట్టింది.

పాడెకు నాలుగు భుజాలు కావాలి. మోత్కూరువాళ్లను అడిగాను. మీ ఊళ్లో వెలి అన్నారు కదా అని తలకాయలు దించుకున్నారు. ఆదివారం ఆదివారం ఆమె కోసింది తిన్నవాళ్లే. తమిళ మేస్త్రీలు ఇద్దరు, నేను. దొర కర్ర పారేసి వచ్చాడు కానీ మోకాలు నిలవలేదు. నాలుగో భుజం బాలనర్సమ్మది. ఆడది పాడె పడుతుందా అని ఎవడో అన్నాడు. "మరి నువ్వు పట్టు" అన్నది. వాడు పక్కకు తప్పుకున్నాడు. కృష్ణ ఒడ్డున పెట్టాము. నిప్పు నువ్వు పెట్టాలి. నేను పెట్టాను.

ఈ నాలుగు మాటలను ఎన్నోసార్లు రాసి చించాను. నేను రాస్తే ప్రతిదీ వేళాకోళంలాగే ఉంటుంది. పోస్టులో వేస్తే నువ్వు నమ్మవు. మనవాడి చేత పంపితే, వాడికి నేర్పి పంపానంటావు. నేనే రావాలి. నీ గడపలో నిలబడి ఈ మాట చెబితే నువ్వు నా మొహంలోకి చూసి నవ్వుతావేమో అని నా కాళ్లు కదలడంలేదు. అందుకే పేతురు దొర వస్తున్నాడు. బాలనర్సమ్మ హాలియా దాకా వచ్చి బస్సు ఎక్కిస్తుంది. వాడికి అబద్ధం ఆడేంత తెలుగు రాదు.

సిద్దిరాములు

* * *

రామన్నపేట
3 మార్చి 1960

సిద్దిరాములుకు,

దొర వచ్చాడు. కాలు ఈడ్చుకుంటూ వాడలోకి వస్తుంటే నాడెల చప్పుడు ఒక్కో ఇంట్లో ఆగిపోవడం వినబడింది. జప్తుకు ఎవరో అమీనా వచ్చాడనుకున్నాను. నా ముందర నిలబడి "రాజం లేదు" అన్నాడు. తర్వాత జాబు ఇచ్చాడు.

మూడుసార్లు చదివాను. ఎక్కడ నవ్వుతావో అని వెతికాను. నవ్వాను అని నువ్వు రాసిన చోట ఆగి, ఇదేనేమో అనుకున్నాను. దొర మొహం చూశాను.

గోపయ్య తన వాకిట్లో నిలబడి చూస్తున్నాడు. దొర చెయ్యి పట్టుకొని గడప దాటించి లోపల కూర్చోబెట్టాను. ఎంత దూరం నుంచి వచ్చాడో, ఏం తిన్నాడో. పొద్దుటి గట్క ఉంది, ఉల్లిగడ్డ ఉంది. ఆయనకు పెట్టాను. ఆయన నన్ను చూస్తూ ముట్టలేదు. నేనూ అదే కంచంలో చెయ్యి పెట్టాక తిన్నాడు. గట్క మాడింది, నాకు వండటం రాదు. అయినా తిన్నాడు.

దొర రెండు పొద్దులు ఉన్నాడు. నేను నేస్తుంటే చూస్తూ కూర్చున్నాడు. చీరలు దించి ఇచ్చాను. ఈ పొద్దు కిష్టయ్య ఆయనను నల్లగొండ బస్సు ఎక్కించాడు.

పోయేముందు ఒకటి అడిగాను. నేను రాలేదని ఆమె ఏమన్నా అన్నదా అని. నోటితో అడిగాను, చేతులతో అడిగాను. ఆయనకు అర్థమైంది. చెప్పడానికి మాటలు వెతుక్కున్నాడు. దొరకలేదు. నా చెయ్యి తీసుకొని చాలాసేపు పట్టుకొని కూర్చున్నాడు.

నువ్వు రాయి. ఆమె ఏమన్నదో, అసలు అన్నదో లేదో. ఏది రాసినా నమ్ముతాను.

దశరథ